ఫర్నిచరు పద్దులో మోటారుసైకిలు

గోనెపాడుకు పొద్దున పూట వచ్చే ఒకే ఒక్క బస్సును ఆ ఏడు వానాకాలంలో రద్దు చేశారు. ఎక్కేవాళ్లు లేరు గనుక నడపడం లేదని డిపోవాళ్లు చెప్పారు. సరిగా నడపడం లేదు గనుక ఎక్కడం లేదని ఊరివాళ్లు చెప్పారు. ఈ రెండు మాటల మధ్య చౌడేశ్వరి చదువు చిక్కుకుంది.

చౌడేశ్వరి పాలకొలిమి ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో బీఎస్సీ రెండో సంవత్సరం. బస్సు పోయాక ఆమె రోజూ మెయిన్ రోడ్డు దాకా నడిచి, ఏదో ఒక ఆటో ఆగేదాకా చెయ్యి ఊపుతూ నిలబడాల్సి వచ్చింది. కాలేజీ చేరేసరికి మొదటి రెండు క్లాసులు అయిపోయేవి. హాజరు తక్కువైతే పరీక్షకు కూర్చోనివ్వరు.

"అంత అగచాట్లు ఎందుకమ్మా? మానుకో," అన్నాడు వాళ్ల నాయన చెన్నకేశవులు. ఆయన ఊళ్లో దర్జీ. కూతురంటే ప్రాణం. కానీ ఇంట్లో రెండో కుట్టుమిషను ఖాళీగా ఉండటం ఆయన కళ్లకు ఎప్పుడూ కనిపిస్తూనే ఉండేది. "పెండ్లిండ్ల కాలం. జాకెట్లు కుప్పలు పడినాయి. ఇంట్లో కూర్చోని కుట్టుకుంటే ఎవరు హాజరు అడుగుతారు?"

"బండి కొనుక్కుంటా నాయనా."

"స్కూటీనా?"

"మన దోవలో గుంతలకు స్కూటీ నిలబడుతుందా? మోటారుసైకిలే కొనుక్కుంటా."

చెన్నకేశవులు కత్తెర పక్కన పెట్టి కూతురి ముఖం చూశాడు. మళ్లీ కత్తెర అందుకున్నాడు. అంటే ఒప్పుకున్నట్టే.

స్కాలర్‌షిప్పు డబ్బు కొంత, సెలవుల్లో జాకెట్లు కుట్టి దాచుకున్నది కొంత, ఇదీ ఆమె బడ్జెట్టు. ముందు టౌనులో షోరూముకు పోయింది. అక్కడి కుర్రాడు కూల్‌డ్రింకు ఇచ్చి, ధర చెప్పకుండా నెలకు ఎంత కట్టగలరని అడిగాడు. కూల్‌డ్రింకు తాగేసి బయటికి వచ్చేసింది. తర్వాత సెకండ్‌హ్యాండు బండ్లు చూసింది. ఒక దానికి రంగు బాగుంది, పొగ మాత్రం ఇటుకబట్టీ లాగా వస్తోంది. ఇంకొక దాని ఆసామి ఇంజిను స్టార్టు చేయమంటే, "హారను కొట్టి చూడమ్మా, ఎంత బాగుందో" అన్నాడు.

చివరికి పక్క వీధిలోనే దొరికింది. రిటైరైన పోస్టుమాస్టరు మౌలాలి తాత నల్లబండి అది. ట్యాంకు కుడివైపు సొట్ట, వెనక ఉత్తరాల సంచి తగిలించే ఇనుప కొక్కెం. ఒక్క కిక్కుకే స్టార్టయింది.

"దీనికి ఒకటే రోగం ఉండాది," అన్నాడు మౌలాలి, అమ్మేవాడు చెప్పకూడనివన్నీ తానే చెబుతూ. "వానలో తడిస్తే అలుగుతాది. అప్పుడు తిట్టగాకు. రోంతసేపు పక్కన నిలబడు. మళ్లీ స్టార్టయితాది."

స్కూలు వెనక మైదానంలో ఆ బండి మీదే ఆయన ఆమెకు గేర్లు వేయడం నేర్పాడు. ఒకసారి జిల్లేడు చెట్లలో పడింది. లేచి, ముందు బండికేమైనా అయిందా అని చూసుకుంది. అది చూసి మౌలాలి నవ్వాడు. "ఇంగ ఇది నీ బండే. నెలాఖరు దాకా ఎవరికీ ఇయ్యను. దుడ్లు తెచ్చుకో, కాగితాలు నీ పేరున మారుస్తా."

నెలాఖరుకు ఇంకా వారం ఉందనగా ప్రిన్సిపాలు డాక్టర్ వేదాచలం గారు రహదారి భద్రత మీద జరిగిన ఒక సదస్సుకు వెళ్లివచ్చారు. సదస్సులో ఆయనకు ఒక సంచీ, ఒక పెన్ను, ఒక ఆలోచన దొరికాయి. మొదటి రెండింటి వల్ల ఎవరికీ నష్టం జరగలేదు.

మర్నాడు నోటీసుబోర్డులో సర్క్యులరు వెలిసింది. "విద్యార్థినీ విద్యార్థులు తమ అపరిపక్వ అభిరుచుల మేరకు తొలి వాహనమును ఎంపిక చేసుకొనుట వలన వాటిల్లు అనర్థములను అరికట్టు నిమిత్తము కళాశాలయందు ప్రథమ వాహన ఎంపిక సంఘము ఏర్పాటు చేయడమైనది. సదరు సంఘము ఎంపిక చేయని వాహనము ఇకపై ప్రాంగణములోనికి అనుమతించబడదు. వాహన వ్యయములో సగము కళాశాల భరించును. మిగిలిన సగము విద్యార్థి ముందుగా జమ చేయవలెను."

చౌడేశ్వరికి మొదటి రెండు వాక్యాలు నచ్చలేదు. చెన్నకేశవులుకు మూడో వాక్యం తప్ప ఏదీ వినపడలేదు.

"సగం వాళ్లే ఇస్తామంటే వద్దనే దానికి మనకేమన్నా తిక్కనా?" అన్నాడు.

"నాకు మౌలాలి తాత బండే కావాల నాయనా."

"ఆ బండేసుకుని పోతే గేటు కాడనే ఆపుతారంట గదా. ఇంగ దేనికది?"

చౌడేశ్వరి దాచుకున్న డబ్బు పట్టుకెళ్లి కాలేజీ ఆఫీసులో కట్టింది. మౌలాలికి సంగతి చెబితే ఆయన కాసేపు బండి సీటు తుడుస్తూ ఉండిపోయాడు. "పోనీలేమ్మా. నీకు మంచిదే గదా," అన్నాడు.

డబ్బు కట్టిన పిల్లల్లో ముందుగా చౌడేశ్వరిని సంఘం ముందుకు పిలిచారు. ప్రిన్సిపాలు మధ్యలో, ఆయన కుడిపక్క ఫిజిక్సు లెక్చరరు ప్రసూన మేడం, ఎడమపక్క తెలుగు లెక్చరరు, బల్ల చివర ఆఫీసు సూపరింటెండెంటు కామేశ్వరయ్య. నిబంధనల్లో కామేశ్వరయ్యకు తెలియనిది లేదని కాలేజీలో ప్రతీతి. ఆయన మాట్లాడేటప్పుడు ప్రిన్సిపాలు కూడా పెన్ను మూత పెట్టేవారు.

"నీకు ఎటువంటి వాహనం కావాలమ్మా?" అని అడిగారు ప్రిన్సిపాలు.

"మా ఊళ్లో ఒక నల్లబండి ఉంది సార్. నాకు అది ఇష్టం."

"ఇష్టం అనేది నమోదు చేయడానికి ఇందులో గడి లేదు. వేరే ఏమైనా చెప్పు."

ఆమె చెప్పేలోపు సంఘం తానే చెప్పుకోవడం మొదలుపెట్టింది. వెనక ఎవరూ ఎక్కకుండా ఒక్కరికే సరిపడే సీటు ఉండాలని ఒకరు, అద్దాలు పెద్దవిగా ఉండాలని ఒకరు, కింద పడినా దెబ్బ తగలకుండా నాలుగువైపులా కమ్మీలు ఉండాలని ఒకరు రాయించారు. తెలుగు లెక్చరరు 'మోటారుసైకిలు' అన్న పరభాషా పదాన్ని కొట్టేసి 'యంత్రచోదిత ద్విచక్ర శకటము' అని మార్చి, ఆ పదాన్ని తానే రెండుసార్లు చదువుకుని ఆనందించారు.

కామేశ్వరయ్య గొంతు సవరించుకున్నారు.

"యంత్రము అన్న మాట ఉంటే ఇది యంత్రసామగ్రి పద్దు కిందికి పోతుంది సార్. దానికి రాజధాని అనుమతి కావాలి. మనం ఇంతకుముందు మంచినీళ్ల మోటారుకు రాశాం. బోరు ఎండిపోయాక అనుమతి వచ్చింది."

ప్రిన్సిపాలు పెన్ను మూత పెట్టారు. "మరి మన అధికార పరిధిలో ఏముంది?"

"ఫర్నిచరు సార్."

తెలుగు లెక్చరరు తాను రాసిన పదాన్ని మళ్లీ ఒకసారి చూసుకున్నారు.

"బండి ఫర్నిచరు ఎలా అవుతుందండీ?" అంది ప్రసూన మేడం.

"దాని మీద కూర్చుంటామా, నిలబడతామా మేడం?"

"కూర్చుంటాం."

"కూర్చునేదాన్ని ఏమంటారు?"

 'యంత్రచోదిత' కొట్టివేయబడింది. 'శకటము' కూడా అనుమానంగా ఉందని కొట్టివేయబడింది. చివరికి 'రెండు చక్రములు, చేతిపిడులు, నిరోధకములు, దర్పణములు గల ఏకవ్యక్తి ఆసనము' అని ఖరారైంది. అందరూ సంతకాలు చేశారు. చౌడేశ్వరిని వెళ్లమని ఎవరూ చెప్పలేదు గనుక ఆమె అక్కడే నిలబడి ఇదంతా చూసింది.

"సార్, ఇంజిను ఉంటుంది గదా?" అని అడిగింది.

"ఎందుకుండదమ్మా!" అన్నారు ప్రిన్సిపాలు. "కాగితం మీద ఉండదు, అంతే."

"కాగితం మీద లేనిది వస్తువులో ఉంటే ఫరవాలేదు," అని కామేశ్వరయ్య ఓపిగ్గా వివరించారు. "కాగితం మీద ఉండి వస్తువులో లేకపోతేనే ఆడిట్ అభ్యంతరం."

టెండరు వేసింది నరహరి శెట్టి ఒక్కడే. కాలేజీకి బెంచీలు, చీపుర్లు, యాసిడ్ సీసాలు, జెండా పండుగ రోజున మిఠాయిలు, అన్నీ ఆయనే సరఫరా చేసేవాడు. ఆయనలో ఒక సుగుణం ఉంది. టెండరు నోటీసు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేవాడు. ఆ జిల్లాలో ఆ పని చేసే మనిషి ఆయనొక్కడే.

ఆసనాలు వచ్చిన రోజున కాలేజీలో షామియానా వేశారు. పథకాన్ని ప్రారంభించడానికి జాయింట్ డైరెక్టరు గారు వచ్చారు. బండ్లన్నింటి మీద తెల్లగుడ్డలు కప్పి వరుసగా నిలబెట్టారు. ప్రిన్సిపాలు సైగ చేయగానే గుడ్డలు తీశారు.

చప్పట్లు మొదలై, మధ్యలో ఆగిపోయాయి. ప్రతి బండిలోనూ ఇంజిను ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. ఆ ఖాళీలోంచి అవతల నిలబడ్డ వాళ్ల కాళ్లు కనిపిస్తున్నాయి.

చౌడేశ్వరి పేరు రాసి పెట్టిన బండి నల్లది. ట్యాంకు కుడివైపు సొట్ట. వెనక సీటు కోసేసి ఒక్కరికి సరిపడేలా కుదించారు గానీ, ఉత్తరాల సంచి కొక్కెం మాత్రం అలాగే ఉంది. ఆమె ఆ సొట్ట మీద చెయ్యి పెట్టింది. ఏడుపు రాలేదు.  ఊరంతా తిరిగి, డబ్బు కట్టి, సంఘం ముందు నిలబడి, చివరికి తాను ఎంచుకున్న బండే తనకు దక్కింది. లోపల ప్రాణం తీసేసి ఇచ్చారు.

ప్రిన్సిపాలు శెట్టిని షామియానా వెనక్కి లాక్కెళ్లారు. "ఇంజిన్లేవయ్యా?"

"టెండర్లో రాసిన ప్రతి ఒక్కటీ ఇచ్చినా సార్. చక్రాలు లెక్కపెట్టుకోండి, అద్దాలు చూసుకోండి. ఇంజిను రాసింటే ఇంజిను ఇద్దును. రాయనిది ఎక్కువ ఇచ్చినాననుకోండి, రేపు ఆడిటోళ్లు ఇది యాడిదని మిమ్మల్నే గదా అడిగేది?"

కామేశ్వరయ్య ఆ మాట విని తల పంకించారు. తన భాష మాట్లాడే మనిషి దొరకడం ఆయన ఉద్యోగజీవితంలో అదే మొదటిసారి.

ఇంతలో జాయింట్ డైరెక్టరు గారు జెండా పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఇంకో ఊళ్లో ఇంకో ప్రారంభం ఉంది. చేసేదేమీ లేక పిల్లల్ని బండ్లెక్కి కూర్చోమన్నారు. కాలేజీ మిట్ట మీద ఉంది. జెండా ఊపగానే అటెండర్లు వెనకనుంచి ఒక్కొక్క తోపు తోశారు. బండ్లన్నీ చప్పుడు లేకుండా వరుసగా వాలు దిగి, తాలూకాఫీసు మలుపు దాకా పోయి, ఒక్కటొక్కటే ఆగాయి.

జాయింట్ డైరెక్టరు గారు చాలాసేపు అటే చూశారు. "ఏమి ప్రశాంతత!" అన్నారు. "శబ్దం లేదు. పొగ లేదు. ఎలా సాధించారు?"

ప్రిన్సిపాలు గారికి క్షణం పట్టింది. ఆ తర్వాత గొంతు దానంతట అదే గంభీరమైపోయింది. "మా పథకం ప్రత్యేకతే అది సార్."

"ఇంధన వ్యయం?"

"శూన్యం."

"అతివేగం వల్ల ప్రమాదాలు?"

"ఆ అవకాశాన్ని మూలంలోనే నివారించాం సార్."

ఆయన చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు.

చౌడేశ్వరి ఆ బండిని తోసుకుంటూ ఇల్లు చేరింది. చెన్నకేశవులు బయటికి వచ్చి, దాని చుట్టూ తిరిగి, ఎక్కి కూర్చుని, ఎక్కడో ఒకచోట మంచి మాట చెప్పాలి గదా అన్నట్టు బ్రేకు నొక్కాడు. "బ్రేకు బాగుండాది," అన్నాడు. అప్పుడు వచ్చింది ఆమెకు ఏడుపు.

మౌలాలి వచ్చి బండి పక్కన కూర్చున్నాడు. ఖాళీలో చెయ్యి పెట్టి అటూ ఇటూ కదిపాడు. "పాలు తోలే దానికని చెప్పి కొనుక్కపోయినాడమ్మా శెట్టి. కాగితాలు గూడా అడగలే. బండికి కాగితాలు వద్దా అంటే, ఫర్నిచరుకు కాగితాలెందుకని నవ్వినాడు. నాకు అర్థం కాలే."

"అయితే కాగితాలు నీ దగ్గరే ఉన్నాయా తాతా?"

"పెట్టెలో ఉండాయి. ఏం జేసుకుంటాం వాటితో?"

ఇంజిను ఎప్పుడిస్తారని ఆమె రోజూ ఆఫీసుకు వెళ్లి అడిగేది. మిగతా పిల్లలు కూడా అడిగారు. ప్రిన్సిపాలు వారందరినీ సమావేశపరిచి, ఇది దశలవారీ పథకమని, మొదటి దశ దిగ్విజయంగా ముగిసినందున రెండో దశకు రంగం సిద్ధమవుతోందని ప్రకటించారు.

ఆర్థిక సంవత్సరం చివర్లో రెండో దశ నిజంగానే వచ్చింది. ప్రయోగశాల పరికరాల పద్దులో ఖర్చుకాని డబ్బు మురిగిపోయేలా ఉందని, దాంతో ఇంజిన్లు కొనవచ్చని కామేశ్వరయ్య కనిపెట్టారు. మళ్లీ టెండరు, మళ్లీ శెట్టి. పాత బండ్లలోంచి పీకి గోదాములో దాచిన ఇంజిన్లనే తెచ్చి, ఒక్కోదానికి తెల్లకాగితం అంటించి, ఫిజిక్సు ల్యాబులో బల్లల మీద పేర్చాడు.

చౌడేశ్వరి పరుగున ల్యాబుకు వెళ్లింది. మౌలాలి కాగితంలో ఉన్న ఇంజిను నంబరు చేతి మీద రాసుకుని వెళ్లి, బల్ల తర్వాత బల్ల వెతికి, కిటికీ పక్కన దాన్ని పట్టుకుంది.

"మేడం, ఇది మా బండిది. తీసుకుపోయి బిగించుకుంటా."

ప్రసూన మేడం ముఖం దించుకుంది. ఆమె చెడ్డమనిషి కాదు. ఇంకా చాలా ఏళ్ల సర్వీసున్న మనిషి. "ల్యాబు పరికరం గుమ్మం దాటకూడదు చౌడేశ్వరీ. దాటితే నా జీతంలో కోస్తారు."

విషయం సంఘానికి వెళ్లింది. ఇంజిను బండి దగ్గరికి పోకూడదు, నిజమే. బండి ఇంజిను దగ్గరికి రాకూడదని ఎక్కడా లేదు. బెంచీలు ల్యాబులోకి రావడం లేదా? కాబట్టి బండ్లు ల్యాబులోకి వచ్చాయి. శెట్టి మనుషులు ఇంజిన్లు బిగించారు. చౌడేశ్వరి బండి ఒక్క కిక్కుకే స్టార్టయింది. ఆమె హ్యాండిలు పట్టుకుని గుమ్మం వైపు తిప్పబోతే, మేడం చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంజిను బిగించాక బండి మొత్తం ల్యాబు పరికరమేనమ్మా."

అప్పటినుంచి ఆ కాలేజీలో ప్రయాణాలు ల్యాబులోనే జరిగాయి. బండ్లను స్టాండు వేసి గోడ వెంబడి నిలబెట్టారు. విద్యార్థి వచ్చి తన బండెక్కి, ఊరి దూరానికి సరిపడా వెనక చక్రం తిప్పితే, కాలేజీకి చేరుకున్నట్టు హాజరు వేస్తారు. మీటరు తీగ ముందు చక్రానికి ఉంటుంది గనుక అది తిరగలేదు. అందువల్ల గంటకు ముప్పై కిలోమీటర్ల చొప్పున కాలాన్ని బట్టి దూరం లెక్కగట్టాలని ఫిజిక్సు డిపార్టుమెంటుకు ఆదేశాలు వచ్చాయి. పెట్రోలు కెమిస్ట్రీ వాళ్లు ద్రావకాల పద్దు కింద పోశారు.

రోళ్లవాగు నుంచి వచ్చే ఒక కుర్రాడి ఊరు చాలా దూరం. పక్క బండి మీదున్న చౌడేశ్వరి కాలేజీ చేరుకున్నా, వాడు ఇంకా దారిలోనే ఉండేవాడు. ఒక్కోరోజు మధ్యాహ్నం భోజనం డబ్బా కూడా బండి మీదే తిని, చివరి క్లాసుకు గాని చేరేవాడు కాదు. ఆలస్యానికి కారణం రాసివ్వమంటే 'ఊరు దూరము' అని రాసిచ్చాడు. కిటికీలన్నీ తెరిచినా ల్యాబంతా పొగ. అందరూ దగ్గుతూనే ప్రయాణించేవాళ్లు.

ఒకరోజు సాయంత్రం చెన్నకేశవులు మిషను ఆపి అడిగాడు. "నాకు తెలీక అడుగుతా. పొద్దునలేచి నడుచుకుంటా పోతావు. ఆడ బండెక్కుతావు. దిగి నడుచుకుంటా ఇంటికొస్తావు. ఇంగ బండి దేనికమ్మా?"

"హాజరుకు నాయనా."

"నీ కాళ్లు చూసుకున్యావా ఎట్ల వాచినాయో? చాల్లే. ఇంగ మానుకో. ఆ కట్టిన దుడ్లు వెనక్కి అడుగు."

అడిగింది. వాహనం రోడ్డు ప్రమాదంలో పూర్తిగా ధ్వంసమైతే తప్ప జమ తిరిగి ఇవ్వబడదని కామేశ్వరయ్య చెప్పారు. ల్యాబులో రోడ్డు ప్రమాదం ఎలా జరుగుతుందని అడిగితే, జరగదు కాబట్టే ఈ పథకం ఆదర్శప్రాయమైందన్నారు.

ఆ మాట వట్టిది కాదు. ఒక్క ప్రమాదం లేకుండా ఏడాది నడిచిన పథకమని పైదాకా పేరు పోయింది. పురస్కారానికి పరిశీలించడానికి జాయింట్ డైరెక్టరు గారు బృందంతో వచ్చారు. ఆడపిల్ల మోటారుసైకిలు నడిపితే ఫొటో బాగుంటుందని ప్రదర్శనకు చౌడేశ్వరిని ఎంపిక చేశారు. ఏమడిగితే ఏం చెప్పాలో ముందురోజు నేర్పించారు.

ల్యాబుకు కొత్త సున్నం వేశారు. వీల్‌చెయిర్ల కోసమని వరండా మెట్లకు, తనిఖీ ఉంది గనుక, ఆ వారమే సిమెంటు వాలు కట్టారు. బృందం లోపలికి వచ్చేసరికి చౌడేశ్వరి స్టాండు వేసిన బండి మీద హెల్మెట్టుతో కూర్చుని ఉంది. వెనక చక్రం గాల్లో తిరుగుతోంది.

"ఏమ్మా, ఇప్పుడు ఎక్కడున్నావు?" అని జాయింట్ డైరెక్టరు గారు ఆప్యాయంగా అడిగారు.

ఆమె గోడ గడియారం చూసింది. "మెయిన్ రోడ్డు ఎక్కినా సార్."

"భలే! దారి ఎలా ఉంది?"

ఈ ప్రశ్న నేర్పించలేదు. చౌడేశ్వరి ఎదురుగా ఉన్న సున్నపు గోడను చూసింది. పొద్దున తాను నడిచి వచ్చిన అసలు దారి గుర్తొచ్చింది. రాళ్లు, బురద, చెయ్యి ఊపినా ఆగని ఆటోలు. ఆమెకు ఒళ్లంతా మండింది.

"చూసొచ్చి చెప్తా సార్," అంది.

బండిని న్యూట్రలు చేసి, పాదాలు నేలకు ఆనించి ఒక్క ఊపు ముందుకు తోసింది. స్టాండు లేచింది. చక్రం నేలను తాకింది. గేరు వేసింది. ప్రసూన మేడం చెయ్యి అడ్డం పెట్టబోయి, ఎందుకో, ఆ చేత్తోనే తలుపు పూర్తిగా తెరిచింది. బండి వరండాలోకి వచ్చి, నోటీసుబోర్డు పక్కనుంచి పోయి, కొత్త సిమెంటు వాలు దిగి, గేటు దాటింది.

వెనకనుంచి అరుపులు వినిపించాయి. తర్వాత వినిపించలేదు. ఎండగా ఉంది. ఎదురుగాలి చున్నీని వెనక్కి ఎగరేస్తోంది. తాలూకాఫీసు మలుపు దగ్గర ఆమె బిగ్గరగా నవ్వింది. అది తన గొంతేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. గోనెపాడు గుంతల్లో ఒక్కచోట కూడా కాలు కింద పెట్టలేదు. తిన్నగా మౌలాలి ఇంటికి పోయి, "తాతా, కాగితాలు తియ్యి. నా పేరున మార్చు," అంది.

మర్నాడు తండ్రీకూతుళ్లను కాలేజీకి పిలిపించారు. ఎస్సై కూడా వచ్చి కూర్చున్నాడు. చెన్నకేశవులు చేతులు కట్టుకుని, గోడకు ఆనుకున్నాడు.

"ఫిర్యాదు రాయండి సార్," అన్నాడు ఎస్సై. "పోయిందేంది?"

"ఒక ఆసనం," అన్నారు కామేశ్వరయ్య.

"కుర్చీనా? ఎట్ల ఎత్తుకపోయింది?"

"దాని మీద కూర్చుని పోయింది."

ఎస్సై పెన్ను దించాడు. "కుర్చీ మీద కూర్చుని గోనెపాడు దాకా పోయిందా? అట్ల రాస్తే మా సర్కిల్ సారు నన్ను ఆస్పత్రికి పంపిస్తాడు. బండి అని రాయండి. ఇప్పుడే పట్టుకొస్తా."

"బండి అని రాస్తే మేము బండి కొన్నట్టవుతుంది."

"కొనలేదా?"

"అనుమతి లేదు."

"పోనీ, ఇంజిను పోయిందని రాయండి."

"ఇంజిను ల్యాబు పరికరం. అది గుమ్మం దాటినట్టు రాస్తే మేడం జీతం, మా ప్రిన్సిపాలు గారి పింఛను..." కామేశ్వరయ్య మాట పూర్తి చేయలేదు. ప్రిన్సిపాలు గారు పూర్తి చేయనివ్వలేదు.

ఎస్సై ఒకరి తర్వాత ఒకరి ముఖం చూశాడు. "ఇంతకీ ఏమన్నా పోయిందా, లేదా?"

ప్రిన్సిపాలు గారు పెన్ను మూత పెట్టి, "పోలేదు," అన్నారు.

ఎస్సై టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. స్టాకు సరిపోవాలి గనుక శెట్టి ఆ మధ్యాహ్నమే కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీ ఒకటి, పాత మిక్సీ మోటారు ఒకటి తెచ్చి ల్యాబులో పెట్టాడు. ఏకవ్యక్తి ఆసనం ఉంది, మోటారు ఉంది. రెండు చక్రాలకు బదులు ఐదు ఉన్నాయి. ఎక్కువుంటే ఈసారి ఫరవాలేదని కామేశ్వరయ్య రాశారు.

"చౌడేశ్వరీ," అన్నారు ప్రిన్సిపాలు. "నీ దగ్గర ఏ బండీ లేదు. అర్థమైందా?"

"అర్థమైంది సార్. మరి నేను రేపటినుంచి దాని మీద రావచ్చా?"

ప్రిన్సిపాలు కామేశ్వరయ్య వైపు చూశారు. ఆయన కళ్లు మూసుకుని నిబంధనలన్నీ ఒకసారి లోపల తిరగేశారు. "సంఘం ఎంపిక చేయని వాహనం లోపలికి రాకూడదు. ఇది సంఘం ఎంపిక చేసిందే. కానీ ఇది వాహనం కాదు. వాహనం కానిదాన్ని గేటు దగ్గర ఆపే అధికారం వాచ్‌మనుకు లేదు."

తాలూకాఫీసు మలుపులో ఆమె ఆపి వచ్చిన బండి దగ్గరికి చేరాక చెన్నకేశవులు, "ఏమన్నారమ్మా ఆయప్ప?" అని అడిగాడు.

"రమ్మన్నారు నాయనా."

చెన్నకేశవులు ముఖం తుడుచుకుని, కూతురి వెనక సీటు ఉందేమో చూశాడు. లేదు. ట్యాంకుకూ ఆమెకూ మధ్య ఇరుక్కోవడానికి ప్రయత్నించి, ఆఖరికి ఆటోలో వచ్చాడు.

వారం తిరక్కుండానే రోళ్లవాగు కుర్రాడి బండి కూడా లేకుండా పోయింది. తర్వాత ఇంకొకటి, తర్వాత ఇంకొకటి. లేని బండ్లన్నీ పొద్దున్నే వరుసగా గేటు దాటి వచ్చి వేపచెట్టు నీడన నిలబడేవి. ఫిజిక్సు ల్యాబు చక్రాల కుర్చీలతో నిండిపోయింది. పురస్కారం బృందం మళ్లీ వచ్చినప్పుడు చూసింది వాటినే. విద్యార్థుల సౌకర్యానికి ఇంత ప్రాధాన్యమిచ్చిన ప్రయోగశాల ఇంకెక్కడా లేదని పురస్కారం వచ్చింది.

పురస్కారం అందుకోవాల్సిన రోజున ప్రిన్సిపాలు గారి కారు ఊరి బయటే ఆగిపోయింది. ఎండలో సూటు వేసుకుని, ఆగని ఆటోలకు చెయ్యి ఊపుతూ నిలబడ్డారాయన. అప్పుడే చౌడేశ్వరి అటు వచ్చింది. అప్పటికే చెన్నకేశవులు పట్టుబట్టి వెనక సీటు వేయించాడు. పైన రెగ్జిను తొడుగు ఆయన స్వయంగా కుట్టింది.

"ఎక్కండి సార్. దింపుతా."

ప్రిన్సిపాలు గారు రోడ్డు అటు చూశారు, ఇటు చూశారు. ఎవరూ లేరు. "నేను దీని మీద ప్రయాణించినట్టు ఎక్కడా భావించరాదు," అన్నారు.

"భావించను సార్. గట్టిగా పట్టుకోండి."

ఆయన ఎక్కారు. మొదటి గుంత దగ్గర కళ్లు మూసుకున్నారు. రెండో గుంత దగ్గర ఆమె భుజం పట్టుకున్నారు. రోడ్డు బాగుపడ్డాక కళ్లు తెరిచి, కోటు గుండీలు విప్పి, గాలి తగలనిచ్చారు.  తర్వాత, ఏ సంఘంలోనూ ఏ సమావేశంలోనూ ఎవరూ అడగని మాట, మామూలు మనిషి గొంతుతో అడిగారు.

"అమ్మాయ్, లీటరుకు ఎంత ఇస్తుంది?"